పెద్దకొట్టులో అరవై నాలుగో నంబరు

ఆరోజు పొద్దున ఇంజనీరు వేసుకున్న పథకంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి పెద్దకొట్టు చేరుకోవాలి. పదింటిలోగా ముందున్న అద్దాల కిటికీ సర్దించాలి. పదకొండింటికి పాత కట్టడాల సంఘం నుంచి తనిఖీ అధికారి వస్తాడు, అన్నీ చూస్తాడు, సంతకం పెడతాడు. పన్నెండింటికి ఆ భవనంలో ఆఫీసులు పెట్టబోయే కంపెనీ మేనేజరమ్మ వస్తుంది, అన్నీ చూస్తుంది, తాళాలు పుచ్చుకుంటుంది. ఒంటిగంటకు భోజనం. ఇదంతా కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, బూట్లు వేసుకుంటూ మరోసారి తీసి చదువుకున్నాడు కూడా.

పెద్దకొట్టు అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నాలుగు వీధులు కలిసేచోట ఆరంతస్తుల భవనం. సూది దగ్గర్నుంచి సోఫా దాకా అన్నీ ఒకే కప్పు కింద దొరికేవి. మూడు తరాలు నడిచి, నాలుగో తరంవాళ్లకు ఓపిక లేక పన్నెండేళ్ల కిందట మూతపడింది. ఇప్పుడు దాన్ని ఆఫీసులుగా మారుస్తున్నారు. పరుపులు అమ్మినచోట అద్దాల గోడల గదులు వచ్చాయి. పింగాణీ సామాను ఉండేచోట కంప్యూటర్ల బల్లలు వరసకట్టాయి. పాలరాతి మెట్లకూ, పైకప్పు మీది లతలకూ, ఇత్తడి కటకటాల లిఫ్టుకూ మాత్రం గోరు కూడా తగలడానికి వీల్లేదు. ఆ సంగతిని సంఘంవాళ్లు ఇరవై మూడు షరతులుగా రాసి పంపితే, ఏడాదిన్నర పాటు ఇంజనీరు వాటిని ఎక్కాల్లా వల్లెవేశాడు.

అంత శ్రద్ధకు కారణం ఉంది. అతనికి సొంత గది లేదు. పదహారేళ్ల ఉద్యోగంలో ఇతరుల కోసం ఎన్నో వందల గదులు కట్టాడు గాని, తన బల్ల మాత్రం ఒకచోట మెట్ల కింద, ఒకచోట సిమెంటు బస్తాల పక్కన, ప్రస్తుతం పెద్దకొట్టు నడవాలో ఉంది. వచ్చేపోయే ప్రతివాడూ దాని మీద ఏదో ఒకటి పెట్టి పోతాడు. ఒకసారి భోజనం చేసి వచ్చేసరికి దాని మీద కమోడ్ ఉంది. ఈ గోడు విని విని విసిగిన యజమాని కిందటి నెలలో మాట ఇచ్చాడు.

"ఆ సంతకం పట్టుకురావయ్యా. నిన్ను ప్రాజెక్టు మేనేజర్ని చేస్తా. గది కూడా ఇస్తా."

"తలుపుంటుందా సార్?"

"తలుపు లేకపోతే దాన్ని గదంటారటయ్యా?"

"ఒకవేళ సంతకం రాకపోతే సార్?"

"మురుగుకాలవ పనొకటుంది. మూడేళ్లు పడుతుంది. అక్కడ నీకు బల్ల కూడా ఉండదు."

చిక్కల్లా పదిహేడో షరతుతో వచ్చింది. తనిఖీ రోజున వీధివైపు అద్దాల కిటికీ పాత ఫోటోలో ఉన్నట్టే, దీపాలతో, సరుకుతో సహా కనిపించాలట. ఆ ఫోటోలో ఉన్నది గుండీల కౌంటరు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, ముత్యపు చిప్పవి, కొమ్ముతో చేసినవి, వేలకొద్దీ. అలాంటి గుండీలు ఇప్పుడెక్కడ దొరుకుతాయని ఇంజనీరు వారం రోజులు ఊరంతా గాలించాడు. ఎనిమిదో రోజు పొద్దున మంచం దిగుతుంటే ఎప్పటిలాగే కాలి బొటనవేలు కింద ఉన్న రేకు డబ్బాకు కొట్టుకుంది. ఎప్పటిలాగే తిట్టబోయి ఆగాడు. ఆ డబ్బా నిండా గుండీలే.

డబ్బాలు అత్తగారివి. ఆవిడ పెద్దకొట్టులో గుండీల కౌంటరును ముప్పై ఒక్క ఏళ్లు ఏలింది. కొట్టు మూసిన రోజున మిగతావాళ్లందరికీ గోడ గడియారాలిచ్చి, ఆవిడకు మాత్రం కౌంటరులో మిగిలిన గుండీలిచ్చారు. కూతురి ఇంటికి వచ్చేస్తూ ఆవిడ ఆ మూడు వందల డబ్బాలనూ వెంట తెచ్చుకుంది. ఇంట్లో ఏ మంచం కిందికి వంగి చూసినా అవే. కిటికీ సర్దిపెట్టమని అల్లుడు అడిగినప్పుడు ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి, "ఎన్నింటికి రమ్మంటారు?" అని ఒక్క మాటే అడిగింది.

తొమ్మిదిన్నరకల్లా కిటికీ తయారైంది. ఫోటోలో ఉన్నదానికన్నా బాగుంది. షరతు ప్రకారం భవనం ముందు అడ్డంగా ఉన్న రేకులు కూడా పీకేశారు. ఏడాదిన్నర తరువాత పెద్దకొట్టు ముఖం వీధికి కనిపించింది.

"అత్తయ్యగారూ, ఇదంతా ఊరికే చూపించడానికండీ. అమ్మడానికి కాదు," అన్నాడు ఇంజనీరు.

"తెలుసులెండి. ఎవరైనా లోపలికొచ్చి అడిగితేనో?"

"పన్నెండేళ్ల నుంచి మూసున్న కొట్లోకి ఎవరొస్తారండీ?"

"వస్తే?"

"వస్తే మీకు తోచినట్టు చెప్పి పంపించెయ్యండి."

ఆ ఆఖరి మాట ఎందుకన్నానా అని తరువాత అతను చాలా రోజులు బాధపడ్డాడు. అప్పటికి మాత్రం హాయిగా వెనక గేటుకు వెళ్లి నిలబడ్డాడు. అధికారిని అక్కడికే రమ్మని ఉత్తరం రాశాడు. ఆయన నెత్తిన పెట్టడానికి కొత్త హెల్మెట్ ఒకటి, కూర్చోబెట్టడానికి మెత్తటి కుర్చీ ఒకటి పక్కన పెట్టుకున్నాడు.

లోపల గోడ గడియారం పది కొట్టింది. అత్తగారు కళ్లజోడు సర్దుకుని ముందు తలుపు దగ్గరికి నడిచి, 'మూసి ఉంది' అన్న పలకను 'తెరిచి ఉంది' వైపు తిప్పింది. కావాలని చేసిన పని కాదు. పది కొట్టగానే ఏదో ఒకటి తిప్పడం ఆ చేతికి ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. ఇంట్లో ఆ వేళకు తిప్పడానికి పలక లేక అల్లుడు చూస్తున్న టీవీ చానల్ తిప్పేది.

ఐదు నిమిషాలకు కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చాడు. కోటుకు మధ్య గుండీ లేదు.

"తెరిచారా? నిజంగా తెరిచారా? ఈ గుండీ ఊడి పదకొండేళ్లయిందమ్మా. ఇలాంటిది ఊళ్లో ఎక్కడా లేదన్నారు."

ఆవిడ కోటు అంచు పట్టుకుని ఒక్కసారి చూసింది. నూట పద్దెనిమిదో డబ్బా తీసి, మూత తిప్పి, గుండీ బల్ల మీద పెట్టింది. పెద్దమనిషికి నోట మాట రాలేదు. బయటికి వెళ్లాక వచ్చింది, ఇక ఆగలేదు. దారిన పోయే ప్రతివాణ్ణీ నిలబెట్టి గుండీ చూపించాడు. పావుగంటలో గుమ్మం ముందు క్యూ కట్టింది. క్యూ కనిపిస్తే ఎందుకని అడగకుండా నిలబడేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్లొచ్చాక అది మలుపు తిరిగింది.

అత్తగారు కంగారు పడలేదు. పెద్దకొట్టుకు ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాడు నంబరు చీటీ తీసుకోవాలి, నంబరు పిలిచినప్పుడు సరుకు చూసుకోవాలి, చీటీ మీద ముద్ర వేయించుకోవాలి, ఆఖరి బల్ల దగ్గర పొట్లం అందుకోవాలి. ఆవిడ చుట్టూ చూసింది. గోడకు ఆఖరి పూత పూస్తున్న పెయింటరు కనిపించాడు.

"ఏం బాబూ, నంబర్లు రాయడం వచ్చా?"

"వచ్చమ్మా."

"గుమ్మం దగ్గర నిలబడి చీటీలివ్వు. ముందొచ్చినవాళ్లకి ముందు. ఎంత పెద్దవాళ్లొచ్చినా అదే లెక్క."

వడ్రంగి పొట్లాల బల్లకు వెళ్లాడు. ఎలక్ట్రీషియన్ చేతికి ముద్ర వచ్చింది. ఏడాదిన్నరలో ఇంజనీరు చెప్పిన ఏ పనినీ మూడుసార్లు అడగనిదే చేయని మనుషులు, ఆవిడ ఒక్కసారి చెప్పగానే వెళ్లి నిలబడ్డారు.

పదీ నలభైకి సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో ఒకాయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆయనే తనిఖీ అధికారి. వెనక గేటుకు రమ్మని ఉత్తరంలో ఉన్నా, కట్టడాన్ని ముందు దాని ముఖం నుంచే చూడాలన్నది ఆయన నియమం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ నియమాన్నీ తప్పని మనిషి. పెయింటరు చీటీ చేతిలో పెట్టి, "లైనులో నిలబడండి సార్," అన్నాడు. ఆయన చీటీ చూసుకున్నాడు. అరవై నాలుగు. వెళ్లి అరవై మూడో నంబరు వెనక నిలబడ్డాడు.

మరో పావుగంటకు వెనక గేటు దగ్గర ఇంజనీరు ఫోను మోగింది. పెయింటరు.

"సార్, నంబర్లు వంద దగ్గరికొచ్చేశాయి. వంద దాటితే ఏం రాయమంటారు?"

ఆఫీసు గదుల తలుపుల మీద నంబర్లు వేయమని నిన్ననే అతనికి పురమాయించి ఉన్నాడు ఇంజనీరు. గదులు ఎనభైయే కదా అన్న ఆలోచన రావలసిన చోట చిరాకు వచ్చింది.

"వంద దాటితే నూటొకటి రాయి. అది కూడా నేనే చెప్పాలా?"

"సరే సార్," అని పెయింటరు కొత్త కట్ట విప్పాడు.

పదకొండూ పది అయింది. అధికారి రాలేదు. ఇంజనీరు హెల్మెట్ చంకన పెట్టుకుని లోపలికి వచ్చి, నడవా మలుపు తిరిగి, అక్కడే కొయ్యబారిపోయాడు. కింది అంతస్తు జనంతో కిక్కిరిసి ఉంది. నడవాలో ఉన్న తన బల్ల మీద వడ్రంగి పొట్లాలు కడుతున్నాడు. ముద్ర టక్ టక్ మని పడుతోంది. కొత్తగా కట్టిన అద్దాల గదిలోంచి ఒకామె తల బయటపెట్టి అరిచింది.

"ఏమయ్యా, నువ్వేనా ఇక్కడి మేనేజరువి? బట్టలు మార్చుకునే గదికి నాలుగువైపులా అద్దాలు పెట్టించావు సరే, తెరలేవీ?"

"అది బట్టలు మార్చుకునే గది కాదండీ!"

"ఇప్పుడా చెప్పడం?" అందామె.

ఇంజనీరు జనాన్ని తోసుకుంటూ కౌంటరు దగ్గరికి చేరాడు.

"అత్తయ్యగారూ! ఏమిటండీ ఇది? కొంప ముంచారు కదండీ!"

"తోచినట్టు చెప్పి పంపించమన్నారుగా. గుండీలిచ్చి పంపిస్తున్నాను. యాభై మూడో నంబరు!"

"ఆఫీసరొచ్చే వేళండీ! వీళ్లందర్నీ వెంటనే పంపించెయ్యాలి!"

"నంబరిచ్చాక వట్టి చేతులతో పంపించడం నా సర్వీసులో లేదండీ," అందావిడ, యాభై మూడో నంబరు చొక్కా చేతి వైపు చూస్తూ.

ఆవిడతో వాదించి లాభం లేదని ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా తెలుసు. ఇంజనీరు కుర్చీ ఎక్కి నిలబడి చేతులెత్తాడు.

"అయ్యా, అమ్మా! వినండి! ఇది కొట్టు కాదు! ఇవాళ్టితో సరి! రేపు వచ్చినా ఇక్కడ ఒక్క గుండీ కూడా దొరకదు!"

వెంటనే అందరూ ఒకేసారి ఫోన్లు తీశారు. "వదినా, ఇవాళే ఆఖరి రోజట, పిల్లల స్వెటర్లు పట్టుకుని వచ్చెయ్," అని ఒకామె. "బావగారూ, అన్నీ వదిలేసి రండి," అని ఇంకొకాయన. పది నిమిషాల్లో క్యూ రెండో మలుపు కూడా తిరిగింది.

నోటితో చెబితే వినరు గాని రాస్తే వింటారని ఇంజనీరుకు తోచింది. పెయింటరు చేత ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో, 'ఇది కొట్టు కాదు. ఇక్కడ ఆఫీసులు తెరుస్తున్నారు' అని రాయించి గుమ్మం బయట వేలాడదీశాడు. అందులో ప్రతి అక్షరం నిజమే. దాన్ని మొదట చదివింది, ఎదుటి వీధిలో కంప్యూటర్ క్లాసు ముగించుకుని వస్తున్న ముప్పై మంది. ఆఫీసులంటే ఉద్యోగాలుంటాయి. వాళ్లు గబగబా ఇళ్లకు పోయి సర్టిఫికెట్లు తెచ్చుకుని, గుమ్మానికి అవతలివైపు రెండో క్యూ కట్టారు.

పన్నెండింటికి రావలసిన మేనేజరమ్మ పదకొండున్నరకే వచ్చింది. సర్టిఫికెట్లు పట్టుకుని బారుగా నిలబడినవాళ్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"వీళ్లంతా ఎవరు?"

"మీరు... మీ ఆఫీసులో ఉద్యోగాలకి వచ్చారనుకుంటానండీ. ఇప్పుడే పంపించేస్తాను."

"పంపించెయ్యడమేంటండీ! మూడు నెలల నుంచి ప్రకటనలిస్తుంటే ముగ్గురొచ్చారు. కూర్చోడానికి ఎక్కడైనా చోటుందా?"

ఆవిడ సమాధానం కోసం ఆగలేదు. అద్దాల గదిలోకి వెళ్లి కూర్చుని మొదటివాణ్ణి పిలిచింది. బయట క్యూలో విసిగి ఉన్నవాళ్లకు కాలక్షేపం దొరికింది. లోపలివాడు తడబడితే అయ్యో అన్నారు, గట్టిగా జవాబు చెబితే తలూపారు.

ఫోను మోగింది. యజమాని.

"ఏమయ్యా, సంతకం అయిందా?"

"ఆఫీసరు ఇంకా రాలేదు సార్."

"పదిన్నరకే బయల్దేరాడని వాళ్లాఫీసులో చెప్పారే! వెనక సంతలా ఆ గోలేంటి?"

"ఆఖరి పనులు సార్," అని ఫోను పెట్టేశాడు. కళ్ల ముందు మురుగుకాలవ కనిపించింది. ఏడాదిన్నర కష్టం, పదహారేళ్ల కోరిక, ఇన్ని గుండీల కింద పడి నలిగిపోతున్నాయి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. అధికారి గుమ్మంలో అడుగుపెట్టేలోగా ఒక్కొక్కణ్ణే చెయ్యి పట్టుకుని బయటికి సాగనంపాలని తీర్మానించుకున్నాడు. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లి, అప్పుడే ముందుకు వచ్చిన మనిషి మోచెయ్యి పట్టుకున్నాడు.

"నడవండి సార్, బయటికి నడవండి."

"నా నంబరు వచ్చిందండీ," అన్నాడాయన. "అరవై నాలుగు."

"వస్తే రానివ్వండి! ఒక్క గుండీ కోసం గంటసేపు నిలబడతారా? చూస్తే చదువుకున్నవాళ్లలా ఉన్నారు. ఇంట్లో పనేం లేదా మీకు? అవతల ఆఫీసరొచ్చే వేళయింది. మీలాంటి వాళ్ల వల్ల నా బతుకు వీధిన పడుతోంది!"

"అల్లుడుగారూ, చెయ్యి తియ్యండి," అంది అత్తగారు. "మీరిలా రండి బాబూ. ఏం కావాలి?"

"నాకు గుండీ అక్కర్లేదమ్మా. సంతకం పెట్టడానికొచ్చాను," అని ఆయన ఫైలు కౌంటరు మీద పెట్టాడు.

ఇంజనీరు పై ప్రాణాలు పైనే పోయాయి. మోచెయ్యి వదిలేసి, ఏం చేయాలో తోచక, చంకలో ఉన్న హెల్మెట్ తీసి ఆయన నెత్తిన పెట్టాడు. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. అత్తగారు ఇవేవీ చూడటం లేదు. ఆవిడ చూపు ఆయన కుడి చేతి మణికట్టు మీద ఉంది.

"గుండీ అక్కర్లేదంటారేంటి? చేతికి ఊడిపోతేనూ! పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నారు."

"అది... తీసుకుంటే లంచం కిందికి వస్తుందేమోనమ్మా."

"చీటీ ఉందిగా మీ దగ్గర? చీటీ ఉంటే కస్టమరు. చెయ్యిలా పెట్టండి," అని ఆవిడ సూది తీసింది.

గుండీ కుట్టించుకుని, చీటీ మీద ముద్ర వేయించుకుని, ఆయన ఎడమచేత్తో ఫైలు విప్పాడు. మొదటి ప్రశ్న దగ్గరే కలం ఆగింది.

"'కట్టడం వాడుకలో లేదు, అవునా కాదా?' అని ఉందండీ ఇక్కడ. అవును అంటేనే మార్పుకి అనుమతి. నేను గంటసేపు ఇక్కడ క్యూలో నిలబడ్డాను. అవునని ఎలా రాయను?"

"సార్, ఇవాళ ఒక్కరోజేనండీ. పొరపాటున..." ఇంజనీరు చేతులు జోడించాడు.

"పొరపాటున ఇంత క్రమంగా ఎక్కడా జరగదండీ. నా సర్వీసులో ఎన్నో పాత కట్టడాలు చూశాను. అన్నీ అద్దాల పెట్టెలో పెట్టినట్టుంటాయి. పాత పనే చేస్తూ కనిపించింది ఇదొక్కటే." ఆయన ఫైలు అడుగు నుంచి మరో కాగితం తీశాడు. "ఇంకో దరఖాస్తుంది. కింది అంతస్తు ఇప్పుడెలా నడుస్తోందో అలాగే నడవాలి. పై ఐదూ మీ ఇష్టం. ఆ కంపెనీవాళ్లు ఒప్పుకుంటే ఇప్పుడే సంతకం పెడతాను."

మేనేజరమ్మ అద్దాల గదిలోంచి తల కూడా ఎత్తలేదు. అప్పటికి పద్నాలుగు మందిని తీసుకుంది. "కింద ఏం పెట్టుకుంటారో పెట్టుకోండి. రేపట్నుంచి పైన మనుషులు కూర్చోవాలి, అంతే," అని, పదిహేనోవాణ్ణి లోపలికి పిలిచింది.

సంతకం పడింది. ఇంజనీరు దాన్ని మూడుసార్లు తడిమి చూసుకుని యజమానికి ఫోను చేశాడు. కింది అంతస్తు సంగతి చెప్పబోతే ఆయన వినలేదు.

"ఆ వివరాలు తర్వాత. సంతకం వచ్చిందా లేదా? వచ్చింది. నువ్వు ప్రాజెక్టు మేనేజరువి. గది కూడా అక్కడే చూసుకో."

సోమవారానికి అన్నీ కుదురుకున్నాయి. కింది అంతస్తుకు అనుభవం ఉన్న మనిషి కావాలని కొత్త అనుమతిలో రాసి ఉంది గనుక అత్తగారిని నియమించారు. అలాంటి మనిషి ఊళ్లో మరొకరు లేరు. పై అంతస్తుల్లో ఒక్క గది కూడా మిగలలేదు. కింద మాత్రం, మెట్ల పక్కన, ఎవరూ అడగని గది ఒకటి ఉంది. దాని నుదుట ఇత్తడి అక్షరాలతో 'ఫిర్యాదులు' అని ఉంది. కింది అంతస్తులో ప్రతి గదీ పాత పనికే వాడాలని కొత్త కాగితం చెబుతోంది. పేరుదేముందిలే అనుకున్నాడు ఇంజనీరు. టేపు తీసి గదిని నాలుగువైపులా కొలిచాడు. బల్ల వేయించాడు, దాని మీద ఏమీ పెట్టలేదు. కుర్చీలో కూర్చుని పది నిమిషాలు ఖాళీ బల్లను చూసుకున్నాడు. అంత సంతోషంగా అతను పెళ్లినాడు కూడా లేడని భార్య తరువాత అంది.

గడియారం పది కొట్టింది. పై అంతస్తుల నుంచి ఏసీ ఎక్కువైందని ఇద్దరు, లిఫ్టు నెమ్మదిగా పోతోందని నలుగురు దిగి వచ్చారు. ముందు గుమ్మం నుంచి, తన కోటుకు పక్కవాడి గుండీ వచ్చిందంటూ ఒకాయన వచ్చాడు. వాళ్ల వెనక ఇంకెవరో నిలబడుతున్నారు. ఇంజనీరు చిరునవ్వుతో లేచి, పదహారేళ్లుగా ఎదురుచూసిన పని చేయడానికి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"ఆగండి అల్లుడుగారూ," అంటూ అత్తగారు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. "సంఘంవాళ్లు ఇప్పుడే పంపించారు. ఇరవై నాలుగోది."

అతను చదివాడు. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ ఫిర్యాదుల గది తలుపు మూయరాదు, దానికి బోల్టుగాని తాళంగాని బిగించరాదు, గదిలో బాధ్యుడు సదా హాజరుగా ఉండవలెను.

తలుపు మాత్రం మంచి టేకుది.